సింగపూర్ బెడోక్‌లో మా ఇంటి ముందున్న సముద్రపు ఒడ్డు ఇప్పుడు ఎక్కడుంది? (1962–70 నాటి సంగతి)

పాతబెడోక్:

అందరికీ నమస్కారం. నాకు 68 ఏళ్లు, ఊరు కాకినాడ. ప్రస్తుతం సింగపూర్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను, ఇంకో మూడు వారాల్లో తిరిగి వెళ్లిపోతాను. ఈలోపు ఒక చోటు వెతికి పట్టుకోవాలి, నా ఒక్కడి వల్ల కావట్లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. కాస్త పొడుగ్గా రాస్తాను, ఏమీ అనుకోకండి.

మా నాన్నగారు చాంగీలో బ్రిటిష్ వాళ్ల రాయల్ ఎయిర్ ఫోర్స్ స్థావరంలో స్టోర్స్ గుమాస్తాగా చేసేవారు. 1962లో, నాకు ఐదేళ్లప్పుడు, అమ్మా అక్కా నేనూ మద్రాసులో రజులా ఓడెక్కి నాగపట్నం, పెనాంగ్ మీదుగా సింగపూర్‌లో దిగాం. డెక్కు టికెట్టు, చాప పరుచుకుని పడుకోవడమే. దారి పొడుగునా అమ్మ ఆవకాయ జాడీని ఒళ్లోంచి దించలేదని అక్క ఇప్పటికీ చెబుతుంది, నాకు మాత్రం తారు వాసన, రాత్రిపూట ఇంజను అదురు తప్ప ఆ ప్రయాణంలో ఇంకేం గుర్తు లేదు.

మేమున్నది బెడోక్‌లో. అప్పర్ ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద బస్సు దిగి, సముద్రం వైపు పల్లంగా ఉండే ఒక సందులోకి వెళ్తే మలయ్ వాళ్ల కంపోంగ్, అంటే పల్లె. అందులో చివరి నుంచి మూడో ఇల్లు మాది. చెక్క గోడలు, రేకుల కప్పు. ఇంటి ముందు కొబ్బరి చెట్లు, వాటి తర్వాత సిమెంటు మెట్లు, మెట్ల కింద ఇసుక. మెట్లు తొమ్మిదని అక్క అంటుంది, ఏడని నేనంటాను, ఈ తగువు మా మధ్య యాభై ఏళ్లుగా నడుస్తోంది. పోటు వేళ నీళ్లు కింది మెట్టును తాకేవి. ఆటు వేళ సముద్రం ఎంత దూరం పోయేదంటే, మేం మోకాలి లోతు నీళ్లలో నడుచుకుంటూ పోయి వెనక్కి తిరిగి చూస్తే ఇల్లు అగ్గిపెట్టెంత కనిపించేది. ఆ తడి ఇసుకలో చెంచాతో తవ్వితే రెమిస్ అని చిన్న చిన్న ఆలుచిప్పలు దొరికేవి. పక్కింటావిడని మక్‌చిక్ అని పిలిచేవాళ్లం, మనం పిన్నిగారూ అన్నట్టు. ఆవిడ వాటిని ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి వేయించి మాకో గిన్నె పంపేది. అమ్మ మొదట్లో ముట్టుకోలేదు గానీ ఏడాది తిరిగేసరికి తనే చింతపండు పోసి పులుసు పెట్టడం మొదలుపెట్టింది. చీకటి పడ్డాక దూరంగా కెలోంగ్‌ల మీద దీపాలు వెలిగేవి. సముద్రంలో గుంజలు పాతి, వాటి మీద పాక వేసుకుని చేపలు పట్టేవాళ్లు కదా, అవి. అక్కా నేనూ మెట్ల మీద కూర్చుని ఆ దీపాలు లెక్కపెట్టేవాళ్లం, ఆఖరి బస్సులో నాన్న దిగిన చప్పుడు వినపడే దాకా.

1966లో నేను ప్రైమరీ త్రీలో ఉండగా సముద్రాన్ని పూడ్చడం మొదలైంది. మా వెనక ఉన్న కొండల్ని చుట్టూ బకెట్లున్న పెద్ద చక్రంతో గీకి, ఆ ఎర్రమట్టిని బెల్టు మీద సముద్రం దాకా పంపేవాళ్లు. ఆ బెల్టు చప్పుడు రాత్రుళ్లు కూడా వినిపించేది. నీళ్లు ముందు టీ రంగుకి తిరిగాయి, తర్వాత ఇటుక రంగుకి. రెమిస్ దొరకడం మానేశాయి. పక్కింటి పాక్‌చిక్, అంటే మనం బాబాయిగారూ అన్నట్టు, తన సంపాన్ పడవని మా ఇంటి ముందు కొబ్బరి చెట్టుకే కట్టేసేవాడు, నీళ్లు దూరం జరిగే కొద్దీ దాన్ని ఇంకా ఇంకా ముందుకి లాక్కుని పోవాల్సి వచ్చేది, చివరికి ఒకరోజు అమ్మేశాడు. ఆ రోజు ఆయన చెట్టుకున్న తాడు విప్పకుండా అలాగే వదిలేసి లోపలికి వెళ్లిపోవడం నాకు బాగా గుర్తు.

1968లో బ్రిటిష్ వాళ్లు సైన్యాన్ని తీసేస్తామని ప్రకటించారు, 1971 కల్లా వెళ్లిపోతారని తెలిసింది. నాన్న ఉద్యోగం ఇక ఉండదు. 1970లో మళ్లీ అదే రజులా ఎక్కి వచ్చేశాం. అప్పటికే మెట్ల ముందు సముద్రం లేదు, ఎర్రటి మైదానం ఉంది.

ఇప్పుడు వచ్చి చూస్తే ఏం చెప్పను, పూడ్చిన నేల మీద వేసిన ఈస్ట్ కోస్ట్ పార్కు బాగుంది, సైకిళ్లు, పిల్లలు, అన్నీ బాగున్నాయి. కానీ ఆ ఒడ్డు మా ఒడ్డు కాదు, మా ఇంటి దగ్గర్నుంచి అర కిలోమీటరు పైనే అవతల ఉంది. మధ్యలో పెద్ద ఎక్స్‌ప్రెస్ రోడ్డు. మా అక్కకి 72, మోకాళ్ల నొప్పులతో రాజమండ్రి దాటి రాలేదు. రోజూ ఫోన్ చేసి "మన మెట్లు కనపడ్డాయా" అని అడుగుతోంది. పాత ఒడ్డు సరిగ్గా ఎక్కడుండేదో తెలుసుకునే మార్గం ఏమైనా ఉందా? అప్పట్లో ఆ వైపు ఉన్న తెలుగువాళ్లు ఎవరైనా ఇక్కడ ఉన్నారా?

సిగ్లాప్_శ్రీ:

అంకుల్, నమస్తే. నేను తొమ్మిదేళ్లుగా బెడోక్ పక్కనే ఉన్న సిగ్లాప్‌లోనే ఉంటున్నాను, రోజూ ఆ పార్కులోనే పరిగెడతాను, మీరు రాసింది చదివాక ఇవాళ పొద్దున పరిగెత్తబుద్ధి కాలేదు, నిలబడి వెనక్కి రోడ్డు వైపు చూశాను.

మీరు సముద్రం వైపు నుంచి వెతుకుతున్నట్టున్నారు, అలా అయితే దొరకదు. పాత రోడ్డు వైపు నుంచి వెతకండి. అప్పర్ ఈస్ట్ కోస్ట్ రోడ్డు, ఈస్ట్ కోస్ట్ రోడ్డు రెండూ పాతవే, చోటు మారలేదు, వాటికి సముద్రం వైపున ఉన్న పాత సందులు చాలావరకు అలాగే ఉన్నాయి. ఆ సందులు ఎక్కడ ఆగిపోతాయో దాని దరిదాపుల్లోనే పాత ఒడ్డు. కటోంగ్ వైపు అయితే మెరీన్ పరేడ్ రోడ్డు దాదాపుగా పాత ఒడ్డు వెంటే పోతుంది. అంబర్ రోడ్‌లో చైనీస్ స్విమ్మింగ్ క్లబ్ ఒకప్పుడు సముద్రం పక్కనే ఉండేది, ఇప్పుడు చుట్టూ అపార్ట్‌మెంట్లే. కటోంగ్ పార్కులో అయితే మట్టి కింద 1879లో కట్టిన కోట పునాదులు బయటపడ్డాయి, ఓడల మీద గురిపెట్టడానికి కట్టిన కోట అది, అక్కడ నిలబడితే ఇప్పుడు సముద్రం కనిపించదు.

మ్యాపుల విషయానికొస్తే, సింగపూర్ నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో పాత సర్వే మ్యాపులున్నాయి, నేషనల్ యూనివర్సిటీ లైబ్రరీ వాళ్ల సైట్‌లో కూడా పాత మ్యాపులు ఏడాది వారీగా పెట్టారు. 1966కి ముందుది ఒకటి తీసుకుని ఇప్పటి మ్యాపు పక్కన పెట్టి చూడండి, మీ సందు పేరు గుర్తుంటే పావుగంటలో తేలిపోతుంది. మీ అమ్మాయికి టైం లేకపోతే నాకు మెసేజ్ పెట్టండి, నేను చూసి పంపుతాను.

రావడానికి కూడా ఇప్పుడు సులువు, 2024 జూన్‌లో సిగ్లాప్, బేషోర్ మెట్రో రైలు స్టేషన్లు తెరిచారు.

ఇంకో మాట. మీకు ఇప్పుడు కనిపిస్తున్న ఒడ్డు కూడా ఇలాగే ఉండిపోదు. సముద్రమట్టం పెరుగుతోందని, ఈస్ట్ కోస్ట్ ముందు దాదాపు 800 హెక్టార్ల కొత్త నేల వేసి, మధ్యలో మంచినీళ్ల రిజర్వాయర్ కడతామని 2023లో ప్రభుత్వం ప్రకటించింది, లాంగ్ ఐలండ్ అని దాని పేరు. అది పూర్తవడానికి దశాబ్దాలు పడుతుంది. మా అబ్బాయికి ఇప్పుడు ఆరేళ్లు, వాడు ఈ ఇసుకలోనే నడక నేర్చుకున్నాడు, మీ వయసుకి వచ్చేసరికి వాడూ ఎక్కడో ఇలాగే అడుగుతాడేమో అనిపించింది.

నేవల్‌బేస్ ఆడపడుచు:

అన్నయ్యగారూ, నేను ఇక్కడ పుట్టి పెరిగినదాన్ని, మూడో తరం. మా తాతగారు విశాఖ జిల్లా నుంచి మలయా తోటల్లో పనికొచ్చారు, మా నాన్న సెంబవాంగ్ నేవల్ బేస్‌లో చేశారు. నా తెలుగులో తప్పులుంటే క్షమించండి, ఇంట్లో మాట్లాడటమే గానీ బళ్లో చదవలేదు, రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నాను.

మీ మెట్లు నాకు తెలియవు గానీ ఆ ఒడ్డు తెలుసు. ఆదివారాలు నాలుగైదు కుటుంబాలు కలిసి లారీ మాట్లాడుకుని బెడోక్‌కో, తనా మేరాకో వచ్చేవాళ్లం. తనా మేరా అంటే ఎర్ర నేల, అక్కడ ఎర్రటి గట్లు ఉండేవి, వాటినే గుర్తుపెట్టుకుని పాతకాలంలో ఓడలు నడిపేవాళ్లట. ఆ ఒడ్డు కూడా పోయింది, చాంగీ విమానాశ్రయం కోసం ఆ వైపు సముద్రాన్ని పూడ్చారు. ఇప్పుడు తనా మేరా అంటే అందరికీ రైలు మారే స్టేషనే, నీళ్లు ఎక్కడా కనపడవు. కాచాంగ్ పుతే అమ్మే తమిళ తాత తల మీద పలక పెట్టుకుని వచ్చేవాడు, కాగితం పొట్లంలో వేయించిన శనగలు, బఠాణీలు, ఐదు సెంట్లు. దానికోసం మేం కొట్టుకునేవాళ్లం.

అయితే అన్నయ్యగారూ, నాకు ఈ విషయంలో మీలాగా ఉత్త బాధే లేదు, ఇది చెప్పకపోతే నాకు మనసు ఒప్పుకోదు. 1976లో మాకు మెరీన్ పరేడ్‌లో గవర్నమెంటు ఫ్లాటు వచ్చింది. ఆ ఊరు మొత్తం పూడ్చిన నేల మీదే కట్టారు. అప్పటిదాకా మేం ఏడుగురం రెండు గదుల్లో ఉన్నాం, నీళ్ల కుళాయి దగ్గర వరస. ఫ్లాటులోకి వెళ్లిన రోజు అమ్మ స్నానాలగది కుళాయి తిప్పి నీళ్లు పోతుంటే కట్టకుండా అలా చూస్తూ నిలబడింది. కానీ ఆరునెలల పాటు రాత్రిళ్లు నిద్రపోయేది కాదు, కింద సముద్రం ఉంది కదా, బిల్డింగు దిగబడిపోతుందేమోనని. వాన గట్టిగా పడితే లేచి మా అందరి మీదా చెయ్యి వేసి చూసుకునేది. అదే ఇంట్లో నలభై ఏళ్లు బతికింది, అక్కడే పోయింది. మీ ఆటపాటల ఒడ్డు మీద మా అమ్మ ఇల్లు లేచింది. ఈ రెండూ నిజమే, నేను దేన్నీ తక్కువ చేయలేను.

ఒక సలహా. మీ అక్కగారికి అసలైన పాత ఒడ్డు ఎలా ఉండేదో చూపించాలంటే చాంగీ బీచ్‌కి గానీ సెంబవాంగ్ పార్కుకి గానీ వెళ్లండి. సెంబవాంగ్‌లో పూడ్చని ఒడ్డు చిన్న ముక్క ఇంకా ఉంది. చాంగీలో ఆటు వేళ రెమిస్ కోసం తవ్వేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. ఆటు ఎన్నింటికో ముందు చూసుకుని వెళ్లండి.

పాతబెడోక్:

చెల్లెమ్మా, నువ్వు రాసింది మా అమ్మాయికి చదివి వినిపించాను. మీ అమ్మగారి సంగతి దగ్గర నా గొంతు పట్టేసింది. నేను పోయినదాన్నే చూస్తున్నాను, వచ్చినదాన్లో ఎవరు బతికారో ఇన్నేళ్లూ ఆలోచించనే లేదు. మా కంపోంగ్ వాళ్లకి కూడా ఫ్లాట్లే ఇచ్చి ఉంటారు కదా. మక్‌చిక్ వాళ్లని చాయ్ చీ అనే పేటలో ఫ్లాట్లకి పంపుతారని అప్పట్లో అనుకునేవాళ్లు. ఆవిడకి ఆ ఎత్తులో ఎలా ఉండిందో, వంటగదిలోంచి కేకేస్తే పలికేవాళ్లు ఉన్నారో లేదో.

శ్రీ, బాబూ, సందు పేరు నాకు గుర్తు లేదు, అక్కకి గుర్తుంది, నీకు విడిగా పంపాను.

గల్ఫ్‌పిల్లాడు:

మాది అబుదాబి సార్, తొంభైలు. పాత కార్నిష్, అంటే సముద్రపు ఒడ్డు రోడ్డు, దాని పక్కన వోల్కనో ఫౌంటెన్ ఉండేది, శుక్రవారం సాయంత్రం కేరళ వాళ్లు, మనవాళ్లు అందరూ అక్కడే. 2004లో తీసేశారు, కార్నిష్‌ని సముద్రంలోకి జరిపి కట్టారు. మొన్న వెళ్తే మా నాన్న నన్ను భుజం మీద ఎక్కించుకున్న చోటు ఏదో నాకూ తేలలేదు. మీకు దొరికితే తప్పకుండా ఇక్కడ రాయండి.

గట్టు_ఇంజనీర్:

రిటైర్డ్ సివిల్ ఇంజనీర్‌ని, రేవుల పనుల్లోనే ముప్ఫై నాలుగేళ్లు చేశాను. ఈ ఈస్ట్ కోస్ట్ పని గురించి మేం ఉద్యోగంలో చేరిన కొత్తలో శ్రద్ధగా చదువుకున్నాం, అందుకని వెతకడానికి పనికొచ్చే విషయం ఒకటి చెబుతాను.

1963లో బెడోక్ దగ్గర చిన్న ముక్క పూడ్చి చూశారు, అది నిలబడ్డాక 1966లో అసలు పని మొదలైంది. ఏడు దశల్లో 1985 దాకా సాగి మొత్తం 1,525 హెక్టార్లు వేశారు. మొదట్లో మట్టి అంతా సిగ్లాప్, బెడోక్ కొండలదే. మీరు చూసిన బకెట్ల చక్రం, బెల్టు అవే, బెల్టు చివర జెట్టీ దగ్గర బార్జిల్లో, అంటే చదునైన సరుకు పడవల్లో నింపి తీసుకెళ్లి సముద్రంలో పోసేవాళ్లు. అంటే మీ వెనక ఉన్న కొండే మీ ముందున్న సముద్రంలోకి వచ్చి పడుకుంది. ఆ కొండలు తవ్వేసిన చోటే తర్వాత బెడోక్ టౌన్ కట్టారు. చిన్న కొండలు ఎంతకని వస్తాయి, తర్వాతి కాలంలో ఇసుక బయటి దేశాల నుంచి కొన్నారు, 1997లో మలేషియా, 2007లో ఇండోనేషియా ఆపేశాయి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి 581 చదరపు కిలోమీటర్లున్న దేశం ఇప్పుడు 730 దాటింది.

కొత్త నేల వేశాక అలలు దాన్ని కోసెయ్యడం మొదలుపెట్టాయి. అప్పుడు గోడ కట్టకుండా, ఒడ్డు వెంట కొంత కొంత దూరంలో రాళ్లతో ముక్కుల్లాగా కట్టి మధ్యలో అలలనే వాటి ఇష్టం వచ్చినట్టు వంపు తిప్పుకోనిచ్చారు. అందుకే ఇప్పటి ఒడ్డు నెలవంకలు వరసగా పేర్చినట్టు ఉంటుంది. నా దృష్టిలో ఆ పని చాలా గొప్పది.

ఇక మీకు పనికొచ్చేది: పూడ్చిన నేల బల్లపరుపుగా, తక్కువ ఎత్తులో ఉంటుంది. పాత నేల కాస్త ఎత్తు. ఆ రెండూ కలిసే చోట నేల ఉన్నట్టుండి దిగాలి. మీరే రాశారు, సందు పల్లంగా ఉండేదని, మెట్లు దిగేవాళ్లమని. కాబట్టి సందులోంచి సముద్రం వైపు నడవండి, ఎక్కడ వాలు హఠాత్తుగా ఆగి నేల చదునవుతుందో చూడండి. అక్కడ మురుగు కాలవో, పక్క గోడో ఉంటుంది. అదే మీ ఒడ్డు.

మీది కాకినాడ అన్నారు కాబట్టి చెబుతున్నా, ఉప్పాడలో సముద్రం ఊళ్లోకి వచ్చి ఇళ్లు తీసుకుపోయింది. అక్కడి ముసలివాళ్లు సముద్రం లోపలికి వేలు చూపించి "మా ఇల్లు అదిగో అక్కడ" అంటారు. మీరు అపార్ట్‌మెంట్ల వైపు వేలు చూపించి "మా సముద్రం అదిగో" అనాలి.

పాతబెడోక్:

దొరికింది. ఎలా రాయాలో తెలియట్లేదు, జరిగింది జరిగినట్టు రాస్తాను.

శ్రీ పాత మ్యాపు మీద మా సందుకి ఎర్ర గుర్తు పెట్టి పంపాడు. నిన్న పొద్దున ఏడింటికి అమ్మాయీ నేనూ వెళ్లాం. సందు ఉంది, పేరు కూడా అదే. రెండు వైపులా పెద్ద పెద్ద ఇళ్లు, కుక్కలు, కార్లు. కంపోంగ్ ఆనవాళ్లు ఒక్కటీ లేవు. కానీ వాలు ఉంది. నా కాళ్లకి ఆ వాలు తెలిసిపోయింది, నేను ఆ వయసులో అక్కడ పరిగెత్తకుండా ఒక్కరోజు కూడా దిగలేదు, నిన్న కూడా అడుగు తెలియకుండానే వేగం పెరిగింది, అమ్మాయి "నాన్నా మెల్లగా" అని చెయ్యి పట్టుకుంది.

ఇంజనీర్ గారూ, మీరు చెప్పినట్టే చివర సిమెంటు కాలవ, దాని పక్కన గోడ, గోడ అవతల మనిషి ఎత్తు కింద చదును నేల, అపార్ట్‌మెంట్ల కార్ పార్కింగ్. మెట్లు లేవు. వెతికాం, కాలవ పక్కన కొంత దూరం అటూ ఇటూ నడిచాం. లేవు.

అక్కకి వీడియో కాల్ చేశాను. గోడ చూపించాను, కార్లు చూపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "కార్లు కాదురా, వెనక్కి తిరుగు, పైకి చూపించు" అంది. సందు పైకి ఎక్కే వాలు వైపు ఫోను తిప్పాను. "ఆఁ, అదే. నాన్న దిగొచ్చేది అక్కణ్నుంచే" అంది. అంతే, ఇంక ఇద్దరం మాట్లాడలేకపోయాం. అమ్మాయి ఫోను తీసుకుని మాట్లాడింది.

ఇవాళ ఆటు వేళ చూసుకుని మనవణ్ని తీసుకుని చాంగీ బీచ్‌కి వెళ్లాం. చెల్లెమ్మా, నువ్వు చెప్పకపోతే వెళ్లేవాణ్ని కాదు. వాడికి ప్లాస్టిక్ చెంచా ఇచ్చాను. అరగంట తవ్వితే ఐదు దొరికాయి, గోరంత. వాడు అరచేతిలో పెట్టుకుని పెద్దమ్మమ్మకి ఫోన్లో చూపించాడు. ఆవిడ వెంటనే "అంత ఒడ్డున తవ్వితే పిల్లలే దొరుకుతాయి, ఇంకాస్త లోపలికి పోండి, మోకాలి దాకా రానీ" అని కేకలు. పోయాం. ఫోను పైకెత్తి పట్టుకుని, ప్యాంటు తడుపుకుని, వాణ్ని ఎత్తుకుని పోయాను. తర్వాత ఆ ఐదింటినీ వాడే ఇసుకలో వదిలేశాడు.

ఒక్క మనవి. 1966కి ముందు బెడోక్ ఒడ్డు ఫోటోలు ఎవరి ఇళ్లలోనైనా ఉంటే దయచేసి ఇక్కడ పెట్టండి, ఎవరి కుటుంబానివైనా సరే, వెనకాల మెట్లు కనపడితే చాలు. ఏడో తొమ్మిదో లెక్కపెట్టుకుంటాం.